మయూరికి జొన్న బిస్కెట్లు

కుంఠా నాకా, సోలాపూర్
9 జులై 2025

మయూరీ,

నువ్వు సాతారా క్రీడా హాస్టల్‌కు వెళ్ళి ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు. ఆదివారం నీ ఫోను రాగానే మీ అమ్మ, నానమ్మ చెరోవైపు చెవి ఆనించి వింటారు. చివర్లో నా చేతికిస్తారు. నాకు గాలి వీచిన చప్పుడు తప్ప ఏదీ అందదు. చెడిపోయిన మగ్గాలు బాగుచేస్తూ నలభై రెండేళ్ళు ఆ మోతలోనే తిరిగిన చెవులు ఇవి. మనిషి ఎదురుగా నిలబడి గట్టిగా చెబితే, పెదవులు చూసి సగం, విని సగం పోల్చుకుంటాను. ఫోనుకు పెదవులు లేవు కదా. అందుకని ఆ ఐదు నిమిషాలు వాళ్ళకే వదిలేసి ఉత్తరం రాస్తున్నాను. నిన్ను తెలుగు బడిలో వేయాలని నేను పట్టుబట్టినప్పుడు మీ నాన్న విఠల్ విసుక్కున్నాడు. ఇప్పుడు చూడు, నా రాత నువ్వు చదవగలవు.

అసలు సంగతి చెబుతాను. ఖోఖో ఆట అయ్యాక హాస్టల్లో అందరికీ బిస్కెట్లు పంచుతారని, నువ్వు ఒక్కదానివే చేతులు కట్టుకుని కూర్చుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎనిమిదో ఏట షుగరు వచ్చి సూదులు మొదలయ్యాయి. పోయిన ఏడాది గోధుమ కూడా పేగులకు పడదన్నారు. గోధుమ వద్దు, చక్కెర వద్దు. అలాంటి బిస్కెట్టు ఏ దుకాణంలోనూ దొరకదని మీ అమ్మ రేణుక కళ్ళు తుడుచుకుంటుంటే, నేను చేస్తానన్నాను.

మీ నానమ్మ బీడీల చేట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "మగ్గం బిగించెటోనివి. నువ్వు బిస్కెట్లు జేస్తవా? గ్యాస్ ముట్టియ్యనే రాదు నీకు."

రాదు కాబట్టే బేకరీకి వెళ్ళాను. దీపావళికి నాన్‌ఖటాయి కోసం మనం పిండి, నెయ్యి పట్టుకెళ్ళి కాల్పించుకుంటామే, ఆ బేకరీకే. పెంటయ్య పిండి గిర్నీలో జొన్నలు పట్టించాను. వేయించిన పల్లీల పొడి, నెయ్యి, యాలకులు, తీపి కోసం నానబెట్టి మెత్తగా రుబ్బిన నాలుగు ఖర్జూరాలు. అంతే. జొన్నపిండికి జిగురు లేదు గనుక పగుళ్ళు వచ్చాయి. చూడటానికి బాగుండవు, తినడానికి బాగున్నాయి. నానమ్మ రెండు తిని మూడోదానికి చెయ్యి చాపింది. అదే పెద్ద మెప్పు.

మైదానంలో నీరసం వచ్చినా, తల తిరిగినా రెండు నోట్లో వేసుకో. నీ ఒంటికి పడేవే వేసి చేసినవి.

వానలో తడవకు. సూది వేళ తప్పించకు.

నీ తాత,
రామచంద్రం


సాతారా
20 జులై 2025

తాతా,

డబ్బా వచ్చింది. తెరిచేసరికి సగం పొడైపోయింది. ప్రణాలి అని నా పక్క మంచం అమ్మాయి తొంగిచూసి "హే కాయ్, భాక్రీచా చూరా?" అని నవ్వింది. ఇదేంటి, రొట్టె పొడా అని. నాకూ నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. చెంచాతో తిన్నాను. బాగుంది తాతా. ఎన్నాళ్ళకో నాకంటూ ఒక డబ్బా ఉంది. మంచం కింద పెట్టుకుని మధ్యమధ్య మూత తీసి వాసన చూస్తున్నాను.

ఇక్కడ అన్నం, పప్పు, కూర తింటాను. పెనం మీద గోధుమ పోళీలు పొంగుతుంటే ఆ వాసన గది దాకా వస్తుంది. అప్పుడు బయటికి పోయి కూర్చుంటాను.

ఒక మాట చెబుతాను, అమ్మకు చెప్పనని ముందే ఒట్టు పెట్టుకో. డబ్బా వచ్చిన మూడో రోజు నుంచి కడుపు నొప్పి. మళ్ళీ పోయిన ఏడు లాగానే, నాలుగు రోజులు. మెస్సులో ఏదో కలిసి ఉంటుంది. హాస్టల్ మేడం గారికి చెప్పలేదు. రెండుసార్లు జబ్బు పడితే ఇంటికి పంపేస్తామని చేర్చుకున్న రోజే నాన్నతో అన్నారు. సెప్టెంబరులో జిల్లా పోటీలు. పన్నెండు మందిని తీసుకుంటారు. ఖోఖో సర్ నన్ను ఇప్పుడు తొమ్మిదో స్థానంలో ఆడిస్తున్నారు. అమ్మకు తెలిస్తే రేపు పొద్దున బస్సెక్కి వచ్చేస్తుంది. నువ్వు చెప్పవు కదా.

ఇంకో డబ్బా పంపు. ఈసారి గట్టిగా చెయ్యి.

మయూరి


కుంఠా నాకా
10 ఆగస్టు 2025

మయూరీ,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. మెస్సు వాళ్ళను ఎందుకు అంటావు? నా మీదికే అనుమానం పోయింది. పెంటయ్య గిర్నీకి వెళ్ళి ఒక మూల నిలబడి చూశాను. ఒకామె గోధుమలు పోసింది. ఆ వెనకే ఇంకొకామె జొన్నలు పోసింది. అదే నోరు, అదే రాయి, అదే గుడ్డ సంచి. గోధుమ దుమ్ము గోడల మీద కూడా ఉంది.

"జొన్నకు ముందు రాయి కడుగుతవా?" అని అడిగాను.

పెంటయ్య నా చెవి దగ్గరికి వచ్చి అరిచాడు. "రాయి కడుగుతరా కాకా ఎవలన్న? ఇన్నేండ్లు తిన్నరు, ఎవలకేమైంది?"

అతని తప్పేముంది. బేకరీ రేకులు కూడా మైదా తాగి తాగి తెల్లబడ్డాయి. నిన్ను నాలుగు రోజులు నొప్పితో పడుకోబెట్టింది నేనే.

అటక మీది ఇసుర్రాయి దించాను. మీ నానమ్మ తల్లిది. మూడుసార్లు కడిగి ఎండబెట్టాను. జొన్నలూ కడిగి ఎండబోశాను. నిన్న నారళి పున్నం పండుగ, మార్కండేయుని రథం చూడటానికి వాడంతా పోయింది. నేను, నానమ్మ ఇంట్లో కూర్చుని ఇసిరాం. నాకు భుజం పట్టేసింది. ఆమె నవ్వుతూనే ఉంది. కాల్చడానికి బేకరీ వద్దు. కొత్త దేక్సీ తెచ్చి, అడుగున ఉప్పు పరిచి, మీద పళ్ళెం పెట్టి మూత వేస్తే సన్న మంట మీద చక్కగా కాలుతున్నాయి. గ్యాస్ ముట్టించడం కూడా వచ్చింది. పొడి కాకుండా ఉండటానికి అవిసెల పొడిని వేడి నీళ్ళలో నానబెట్టి కలిపాను. నూలుకు గంజి పట్టించినట్టు పిండికి జిగురు పట్టింది.

ఆ ప్రణాలి నీ డబ్బాలో చెయ్యి పెడుతుందా? ఆమె చేతికి గోధుమ బిస్కెట్ల పొడి ఉంటే నీకు ప్రమాదం. పెట్టనివ్వకు.

రేణుకకు చెప్పలేదు. అన్నం వడ్డిస్తూ ఆమె నా ముఖం చూస్తే తల దించుకుంటున్నాను. ఇట్లాంటి మాట ఇంకోటి నా మీద వేయకు తల్లీ.

తాత


సాతారా
20 ఆగస్టు 2025

తాతా,

ఈసారి ఒక్కటీ విరగలేదు. కడుపు నొప్పి లేదు. వారం నుంచి రోజూ తింటున్నాను, ఏమీ కాలేదు. ఇసుర్రాయి తిప్పుతున్న నిన్ను తలుచుకుంటే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ప్రణాలిని డబ్బా ముట్టుకోవద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. చెప్తే జబ్బు సంగతంతా చెప్పాలి. పిసినారిదాన్ని అనుకుని రెండు రోజులు మాట్లాడలేదు. ఇక్కడ నా సూదుల సంగతి మేడం గారికి, సర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసులో తలుపు వేసుకుని పొడుచుకుంటాను.

మంచి వార్త. నేను ఏడో స్థానానికి వచ్చాను. రెండుసార్లు మాత్రం పరుగు మధ్యలో చేతులు, కాళ్ళు వణికాయి. ఇక్కడ ఒకటే వాన. నువ్వు చెప్పినట్టే పక్కకు పోయి బిస్కెట్లు రెండు తిన్నాను. మొదటిసారి తొందరగానే తగ్గింది. రెండోసారి చాలాసేపు పట్టింది, నాలుగు తిన్నాను. అమ్మ ఇచ్చిన గ్లూకోజ్ బిళ్ళలు పెట్టెలోనే ఉన్నాయి. అవి తింటే అందరూ ఇదేం మందు అని అడుగుతారు. బిస్కెట్టు తింటే ఎవరూ అడగరు. ఇప్పుడు జేబులో నీ బిస్కెట్లే పెట్టుకుంటున్నాను.

ఇది కూడా అమ్మకు వద్దు.

ఏడో నంబరు ఆటగత్తె,
మయూరి


కుంఠా నాకా
25 ఆగస్టు 2025

మయూరీ,

ఈ ఉత్తరం చేరే లోపలే మేడం గారు నిన్ను పిలిచి మాట్లాడి ఉంటారు. అయినా నా చేత్తో రాయాలి.

నీ ఉత్తరం చూసి ముందు పొంగిపోయాను. వణుకు అంటే చలి అనుకున్నాను. వానలో నీకు పలచని దుప్పటి సరిపోవడం లేదని మన సోలాపూర్ మందపు చద్దరు ఒకటి మడిచి సంచిలో పెట్టాను. పార్సిల్ కట్టేముందు నీకు సూదులు కొని అందులో పెడదామని హోట్గి రోడ్డు మందుల షాపుకు వెళ్ళాను. అక్కడి పూజ నీకు తెలుసు. నీ సంగతి అడిగింది. నేను గొప్పగా నీ ఉత్తరం ఆమె ముందు పెట్టి, ఆ భాగం వేలితో చూపించాను. మా బిస్కెట్లు తిని ఆడుతోంది, చదువు అన్నాను.

ఆమె చదువుతూ చదువుతూ నవ్వు ఆపేసింది. నాకు వినిపించదని తెలుసు కాబట్టి ఒక చీటీ వెనక రాసింది. ఆ చీటీ నా జేబులోనే ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"తాతా, అది చలి కాదు. షుగర్ పడిపోతుంది. అప్పుడు జొన్న, పల్లి అక్కరకు రావు. అవి మెల్లగ అరుగుతయి. గ్లూకోజే తినాలె, వెంటనే. లేకుంటే పిల్ల పడిపోతది. లేవకపోవచ్చు కూడ."

ఆ ఆఖరి మాట రెండుసార్లు చదివాను. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి, నాకు అవి కూడా కనిపించలేదు. తల తిరిగితే రెండు తినమని నీకు రాసింది ఎవరు? నేనే.

ఉత్తరం రాస్తే మూడు రోజులు పడుతుంది. ఫోను నాకు వినిపించదు. మీ అమ్మ తువ్వాళ్ళు కుట్టే కార్ఖానాకు ఆటోలో వెళ్ళాను. ఆమె మిషను ఆపి లేచి వచ్చింది. నన్ను అక్కడ చూసి మీ నాన్నకేదో అయిందని భయపడింది. చీటీ ఇచ్చాను. నీ ఉత్తరాలు కూడా ఇచ్చాను, రెండూ. కడుపు నొప్పి సంగతి కూడా దాచలేదు.

చదివి నా ముఖంలోకి చూసి నెమ్మదిగా అంది. నెమ్మదిగా అన్నా ప్రతి మాటా తెలిసింది. "నెల దినాలు దాచినవా మామా? నా బిడ్డ సంగతి నాకు చెప్పకుంట?"

అక్కడే నిలబడి హాస్టల్‌కు ఫోను చేసింది. ఏం మాట్లాడిందో నాకు వినిపించలేదు. ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాను.

నీకిచ్చిన మాట తప్పాను. ముందు ఆ గ్లూకోజ్ బిళ్ళలు పెట్టెలోంచి తీసి జేబులో పెట్టుకో. కోపం తర్వాత.

తాత


సాతారా
28 ఆగస్టు 2025

తాతా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. అప్పటికే అంతా అయిపోయింది.

సోమవారం సాయంత్రం మేడం గారు ఆఫీసుకు పిలిచారు. మంగళవారం పొద్దున సర్ అందరినీ మైదానంలో వరసగా కూర్చోబెట్టారు. నన్ను ముందు నిలబెట్టి మయూరికి డయాబెటిస్ ఉంది, సూదులు వేసుకుంటుంది, గోధుమ పడదు, వణికితే ఏం చేయాలి, మాట తడబడితే ఏం చేయాలి, అన్నీ చెప్పారు. గ్లూకోజ్ పొట్లాలు పంచారు. నలభై మంది నన్నే చూస్తున్నారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఈ ఒక్క సంగతి తెలియకూడదనే కదా నేను ఇన్ని రోజులు తలుపు వేసుకుని సూది పొడుచుకున్నది.

డాక్టరు కాగితం వచ్చే దాకా ఆట లేదన్నారు. కాగితానికి ఇరవై రోజులు పడుతుంది. పోటీలు పదమూడో తారీఖు. ఏడో స్థానం ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు.

రెండుసార్లు వణుకు వచ్చింది, రెండుసార్లూ తగ్గింది. ఇంకోసారి వచ్చినా తగ్గేది. ముందు నాకే రాయొచ్చు కదా. నేను బిళ్ళలు పెట్టుకునేదాన్ని. మూడు రోజుల్లో ఏమైపోయేది? ఒకరితో చెప్పుకునే మాటలు నీతోనే చెప్పుకున్నాను. నువ్వు నా ఉత్తరాలన్నీ కార్ఖానాలో అందరి ముందూ పెట్టావు.

ఇంక రాయను. డబ్బా కూడా పంపకు.

మయూరి


కుంఠా నాకా
9 సెప్టెంబరు 2025

మయూరీ,

డబ్బా పంపడం లేదు. వద్దన్నావు కాబట్టి. ఉత్తరం మాత్రం చదువుతావనే అనుకుంటున్నాను.

నువ్వు అడిగింది న్యాయమే. మూడు రోజుల్లో ఏమైపోయేది? ఏమీ కాకపోవచ్చు. నాకు తెలియదు. తెలియదు కాబట్టే ఆటో ఎక్కాను. మళ్ళీ అదే రోజు వస్తే మళ్ళీ ఎక్కుతాను. మాట తప్పినందుకు నీ ముందు తల దించను.

తల దించేది ఇంకో దానికి. నీరసం వస్తే రెండు తినమని నేను రాశాను చూడు, దానికి. నాకు తెలియని సంగతిని తెలిసినట్టు రాశాను. డాక్టరు దగ్గరికి నీతో పాటు ఆరేళ్ళుగా వస్తున్నాను. ఆయన చెబుతుంటే తల ఊపుతూ కూర్చుంటాను. ఒక్క మాటా అందదు. మళ్ళీ చెప్పమని అడగడానికి సిగ్గు. ఇంటికొచ్చాక రేణుకను అడగడానికి కూడా సిగ్గే. నువ్వు నలభై మంది ముందు నిలబడ్డ సిగ్గు ఎట్లాంటిదో నాకు తెలుసు. నా సిగ్గు దాచుకుని నేను నీకు ప్రమాదం తెచ్చాను. దానికి నన్ను క్షమించు.

మీ అమ్మ తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పళ్ళెం పెట్టి లోపలికి పోయేది. పదో రోజు నేను ఇసుర్రాయి ముందు ఊరికే కూర్చుని ఉంటే ఎదురుగా వచ్చి కూర్చుంది. నీ పాత మీటరు, ఒక నోటుబుక్కు తెచ్చింది. "ఇగ చూడు మామా. గిది డెబ్బైకి దిగితే గ్లూకోజ్. పావుగంట ఆగి మల్ల చూడాలె. ఎక్కినంక, అప్పుడు నీ బిస్కెట్టు. ముందు గాదు, ఎనక." ఆమె నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. నేను ఆమెకు అప్పజెప్పాను, బళ్ళో పిల్లాడిలా. రెండు తప్పులు పోయాయి. మళ్ళీ చెప్పించింది.

కాగితం కోసం మీ నాన్న డాక్టరు దగ్గరికి రెండుసార్లు తిరిగాడు. పదమూడు లోపు రాదట.

తాత


కుంఠా నాకా
22 సెప్టెంబరు 2025

మయూరీ,

నీ దగ్గరి నుంచి ఉత్తరం లేదు. ఆదివారం మీ అమ్మ ఫోను మాట్లాడుతుంటే ఎదురుగా పీట వేసుకుని ఆమె ముఖం చూస్తూ కూర్చుంటున్నాను. నిన్న మధ్యలో ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఏమైందని అడిగితే ఏం లేదంది. ఏం లేదంటే నమ్మడం నాకు చేతకావడం లేదు. పొద్దున నుంచి పోస్టుమన్ వచ్చే వేళ దాకా గడప దగ్గరే ఉంటున్నాను. నానమ్మ కోప్పడుతోంది. ఒక్క వరస రాయి. తిట్టినా సరే.

తాత


సాతారా
5 అక్టోబరు 2025

తాతా,

రాయకూడదనే అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

జిల్లా పోటీల్లో మా జట్టు గెలిచింది. నేను గీత బయట కూర్చుని చప్పట్లు కొట్టాను. అందరూ ఎగురుతుంటే స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను. అది నీకు చెప్పాలి.

కాగితం పద్దెనిమిదో తారీఖున వచ్చింది. మళ్ళీ ఆడనిచ్చారు. గ్లూకోజ్ జేబులో పెట్టుకున్నాను. నువ్వు చెప్పావని కాదు, సర్ రోజూ తడిమి చూస్తారు.

పోయిన మంగళవారం పొద్దున టిఫిన్‌కు ఇడ్లీ చల్లగా ఉందని సగమే తిన్నాను. సూది మాత్రం మామూలుగానే వేసుకున్నాను. ఆట మొదలైంది. ఆ తర్వాత నాకేమీ గుర్తు లేదు తాతా. వణుకు రాలేదు. తల తిరగలేదు. పోయిన రెండుసార్లు ముందే తెలిసింది, ఈసారి ఏమీ తెలియలేదు. ప్రణాలి చెప్పిందే నీకు రాస్తున్నాను. నేను తరమాల్సిన అమ్మాయిని వదిలేసి ఎదురువైపు పరిగెత్తానట. సర్ ఈల వేస్తే ఆగలేదట. స్తంభం దగ్గర నిలబడి ఏవేవో తెలుగు మాటలు మాట్లాడానట. అందరూ నవ్వారట, నేను వేళాకోళం చేస్తున్నాననుకుని. ప్రణాలి నవ్వలేదు. సర్ చెప్పిన రోజు నుంచి తన పొట్లం తన జేబులోనే పెట్టుకుంటోంది. పరిగెత్తుకొచ్చి నన్ను కింద కూర్చోబెట్టి, పొడి వేలితో అద్ది బుగ్గ లోపల రాసింది. నేను తోసేశానట. కొరికాను కూడా. వేలి మీద నా పళ్ళ గుర్తు ఇంకా ఉంది. తను చెయ్యి తీయలేదు.

తెలివి వచ్చేసరికి అందరూ చుట్టూ ఉన్నారు. మీటరులో నలభై ఒకటి. నా జేబులో గ్లూకోజ్ అట్లాగే ఉంది. జేబులో ఉన్నా తీసుకోవాలని నాకు తెలియలేదు. వాళ్ళకు తెలిసింది.

ప్రణాలిని అడిగాను, నీకెట్లా తెలిసిందని. "మీ ఇంటి నుంచి ఫోను వచ్చింది కదా, అందుకే సర్ మాకు చెప్పారు" అంది. అంతే అంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. పడుకుని పూజ చీటీ గురించి రాసిన నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను.

అదే రోజు మేడం గారి ఫోనులో అమ్మతో మాట్లాడాను. మేడం గారు చెప్పకముందే నేనే చెప్పాను, సగం ఇడ్లీ సంగతితో సహా. అమ్మ అరవలేదు. ఇప్పుడు మీటరులో ఎంత ఉందో అడిగింది. తర్వాత, "ఇంకేమన్న ఉందా బిడ్డా, చెప్పకుంట?" అంది. ఏం లేదన్నాను. నిజంగానే ఏం లేదు. ఇంక నీ మీద ఏ మాటా వేయను తాతా. అమ్మ ముందు తల దించుకుని అన్నం తినకు.

డిసెంబరు పోటీలకు శిబిరం ఉంది. ఎంపిక మళ్ళీ మొదటి నుంచి. ఇప్పుడు నేను పదకొండో స్థానంలో ఉన్నాను.

కోపం పూర్తిగా పోలేదు. చప్పట్లు కొట్టిన రోజు గుర్తొస్తే ఇంకా వస్తుంది. బిస్కెట్లు పంపు.

మయూరి